అది మరక కాదట

సోమవారం

తేదీ కూడా వేయాలంటాడు టైపిస్టు. వారం పేరు చాలు. ఇది ఏ సోమవారమో నాకు తెలుసు, దీన్ని వినేది నేనొక్కదాన్నే కాబట్టి.

నన్ను గిన్నెలమ్మ అంటారు. పుట్టినప్పుడు పెట్టిన పేరు వేరే ఉంది. ఆ పేరుతో పిలిచిన నోళ్లన్నీ మూతపడ్డాయి కనుక అది నా దగ్గరే ఉండనీ. వయసు డెబ్బై దాటి చాలా దూరం వచ్చాను. ఇల్లు నాది. వీధి వైపు దుకాణం, విందులకు వంటపాత్రలు అద్దెకిస్తాను. వెనక రెండు గదుల్లో నేనూ నా మనవరాలూ ఉంటాం. మేడ మీద ఈ టైపిస్టు అద్దెకుంటాడు, కోర్టులో టైపు కొట్టి కొట్టి రిటైరైనవాడు. కొడుకూ కోడలూ బదిలీల ఉద్యోగాలతో వేరే ఊళ్లో ఉన్నారు. వాళ్లని ఈ గొడవలోకి లాగను.

నాకు రాత రాదు. నేను చెబుతుంటే టైపిస్టు రాస్తున్నాడు. "సదరు ముద్దాయి" అని మొదలుపెట్టాడు. చదివించుకున్నాను కాబట్టి దొరికాడు. ఎవడయ్యా ముద్దాయి అని కొట్టేయించాను. "నువ్వు మనిషివి కాదు, కలానివి అనుకో. కలం ఎక్కడైనా మధ్యలో దగ్గుతుందా?" అన్నాను. దగ్గడం మానేశాడు.

ఇక సంగతి. నిన్న దుకాణంలో బల్ల మీద, తెల్లగుడ్డ పరిచి, నాలుగు చిన్న రేకులు ఉన్నాయి. ఒక్కోటీ అరచేతిలో సగం. వాటి మీద నీలం, ఊదా, పసుపు కలిసి పారినట్టు మరక. వాన పడ్డ రోడ్డు మీద బండి నూనె కారితే ఎలా ఉంటుందో అలా. నా దుకాణంలో! నా దగ్గర్నుంచి మరకతో ఒక్క గరిటె బయటికి పోలేదు. గుండిగ తిరిగొస్తే తోమి, అందులోకి మొహం పెట్టి చూస్తాను. మొహం కనబడితే చాలదు, ముక్కు పక్కన పుట్టుమచ్చ కూడా కనబడాలి. అప్పుడే బోర్లిస్తాను.

ఆ రేకుల్ని తోమాను. స్టీలు పీచు, తోమే పొడి, రెండు చేతులు. ఆ లోహం మొండిది. పుట్టుమచ్చ మసకగా కనబడేసరికి నా భుజం పడిపోయింది.

పిల్ల వచ్చింది. రేకుల వంక చూసింది. గోడకు జారి నేల మీద కూలబడింది.

"నానమ్మా, వీటి మీద ఉన్నది ఏమైంది?"

"పోగొట్టాను. ఎక్కడ అంటించుకొచ్చావే ఆ మొండి మరక?"

"అదే నానమ్మా, నా పరిశోధన."

"ఏది?"

"ఆ మరకే."

మరకలు చేస్తే డాక్టరు పట్టా ఇస్తారని నాకెలా తెలుస్తుంది? అలాగైతే వంట మేస్త్రికి ఎప్పుడో ఇచ్చుండాలి అన్నాను. నవ్వలేదు. నవ్వనప్పుడు ఆ పిల్ల అచ్చం పోయిన మా ఆయనలా ఉంటుంది. లేచి, రేకుల్ని ఏరుకుని, గుమ్మం దగ్గర ఆగి అంది: "ఇంకోసారి వీటి మీద నీ చెయ్యి పడిందంటే హాస్టలుకి పోతాను. ఉత్తినే అనట్లేదు."

పోతే పోనీ. ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. కానీ నా మాట నా దగ్గర రాతలో ఉండాలి. ఎవరికీ చూపించను. బీరువాలో పెడతాను.

మంగళవారం

మరక కాదట. పొర. పిల్ల పొద్దున్న కోపంగానే, ఒక్కో మాటా గుండిగ మూత వేసినట్టు చప్పుడు చేస్తూ చెప్పింది.

ఆ రేకు టైటానియం అనే లోహం. దాన్ని సీసాలో ఒక నీళ్లలో ముంచుతుంది. అవి మామూలు నీళ్లు కావు. జుట్టు నలుపు పోగొట్టే మందు ఉంటుందే, ఆ జాతివి. అందులో ప్లాస్టిక్ పళ్లేలు చేసే తెల్లపొడి కాస్త, యాసిడ్ చుక్కలు కొన్ని. ఆ సీసాని మూడు రోజులు వేడి నీళ్లలో నిలబెట్టాలి. నీళ్లు మరగకూడదు, చల్లారకూడదు. అప్పుడు రేకులోంచి లోహం కరిగి, తిరిగి దాని మీదే పోచలు పోచలుగా మొలుస్తుందట. వెంట్రుకని వెయ్యి చీలికలు చేస్తే ఒక చీలికంత పోచ. ఫోనులో బొమ్మ చూపించింది. కోత కొయ్యని గడ్డిమైదానంలా ఉంది.

"ఇది నీ రేకు మీద ఉన్నదా?"

"ఉండేది," అంది.

ఆ ముక్క అవసరమా?

అందరూ ఈ పొరని కొలిమిలో పెట్టి కాలుస్తారట గట్టిపడటానికి. పిల్ల కాల్చదు. మూడు రోజుల తర్వాత తీసి, మంచి వేడినీళ్లలో మళ్లీ మూడు రోజులు నానబెడుతుంది. ఆ నానుడుకే అది గట్టిపడుతుందంటుంది. కాల్చకుండా కుదిరితే రేపు ప్లాస్టిక్ మీదా గుడ్డ మీదా కూడా పెంచొచ్చు. అదీ ఆమె గొప్ప. నాకు అర్థమైంది. అర్థమైందని చెప్పలేదు, కోపంలో ఉన్నవాళ్లకు అలాంటివి చెప్పకూడదు.

కాలేజీలో వేడినీళ్ల తొట్టి పాడైంది. బాగుచేసేవాడు రేపొస్తానని చెప్పి చాలా రేపులైంది. అందుకే నా బాయిలరు మీద పడింది. విందుల్లో టీ నీళ్లు పెట్టే బాయిలరు అది. మర తిప్పి వదిలేస్తే ఎంత వేడి అడిగితే అంత వేడి, ఒక్క పిసరు అటూ ఇటూ పోదు. బాయిలరు నాది అని ఎవరైనా గుర్తుపెట్టుకున్నారా? లేదు.

వచ్చే వారం శుక్రవారం కమిటీవాళ్లు చూస్తారట. అప్పటికి పొర చూపించకపోతే ఏడాది వెనక్కి. కొత్త రేకు లేదు, వచ్చేసరికి నెలలు పడుతుంది. నేను తోమినవాటినే మళ్లీ సీసాల్లో వేస్తుంది. "కనీసం శుభ్రంగా అయితే ఉన్నాయి," అంది. ఆ మాట నాకు అనుకూలంగా రాయమన్నాను. టైపిస్టు, అమ్మాయి వెటకారంగా అన్నది అన్నాడు. వెటకారం కాగితం మీద కనబడదు, రాయి.

బుధవారం

పిల్ల బీరువా మీంచి సూట్‌కేసు దించింది. దాన్ని తుడిచింది. ఈ ఇంట్లో ఒక్క వస్తువు తుడిచి ఎరగని పిల్ల.

నేను పట్టించుకోలేదు.

గురువారం

సీసాలు బాయిలర్లోకి దిగాయి. పిల్ల సుద్దముక్కతో బాయిలరు చుట్టూ నేల మీద గీత గీసింది. నా దుకాణంలో, నా నేల మీద, నా బాయిలరు చుట్టూ.

"ఇది దాటొద్దు నానమ్మా."

"ఈ వయసులో నేను ఎక్కడ గెంతుతానే?"

"గెంతొద్దు. నడిచి కూడా దాటొద్దు. మూత ఎత్తొద్దు. కలపొద్దు."

"కలపకపోతే అడుగంటదూ?"

"అంటాలి నానమ్మా! అంటడమే కావాలి!"

యాభై ఏళ్లు అంటకుండా చూడటమే నా బతుకు. ఇప్పుడు అంటమని కోరుకోవాలట. సరే అన్నాను. స్టూలు తెచ్చుకుని గీతకి ఇవతల కూర్చున్నాను.

శుక్రవారం

గీత దాటలేదు. చీపురు దాటింది. ఊడ్చేటప్పుడు చీపురు ఎటు పోతుందో చూసుకుంటూ కూర్చుంటే ఊడ్చినట్టే.

బాయిలరు మూత మీద దుమ్ము ఉంది. దుమ్ము ఉందని మాత్రమే చెబుతున్నాను.

శనివారం

పొద్దున తడిగుడ్డ పెడితే గీత చెరిగింది. నేను చెరపలేదు, తడి చెరిపింది. పిల్ల కాలేజీకి పోయింది కాబట్టి టైపిస్టు చేత తిరిగి గీయించాను. కాస్త లోపలికి పడింది. ఆయన చెయ్యి అంతే, కోర్టులో కూడా ఆయన వేసిన గీతలు వంకరేనని నేను అనుకోవడం.

(గీత ఎక్కడ గీయాలో అమ్మగారే కాలితో చూపించారు. — టైపిస్టు)

కలం దగ్గుతోంది. వదిలేస్తున్నాను, పెద్ద గొడవ వేరే ఉంది.

మధ్యాహ్నం వంట మేస్త్రి వచ్చాడు. నా దగ్గర పాత్రలు తీసుకోవడం మొదలుపెట్టినప్పుడు వాడికి మీసం లేదు. ఇప్పుడు తెల్లమీసం. రేపు పెద్ద విందు, బాయిలరు కావాలన్నాడు. వాడు అడిగింది లేదని నేను ఇంతవరకు అనలేదు.

"లేదు," అన్నాను.

"అదిగో, అక్కడుంది కదక్కా!"

"కనబడుతుంది. ఖాళీ లేదు."

"ఏం మరుగుతోంది?"

"మరగట్లేదు. మరిగితే పాడవుతుంది. లోపల గడ్డి మొలుస్తోంది."

వాడు నా మొహంలోకి కాసేపు చూశాడు. తర్వాత టైపిస్టు మొహంలోకి చూశాడు. "అక్కకి ఒంట్లో బాగుంటోందా?" అని మెల్లగా అడిగాడు, నాకు చెవుడన్నట్టు.

"నా ఒంటికేం? నీ తలకే తిరుగుడు. గీత తొక్కావు, వెనక్కి జరుగు!"

"ఏ గీతక్కా?"

"అది గీతరా! దాటితే కాళ్లు విరగ్గొడతాను. నా మనవరాలి ఏడాది చదువు ఉంది అందులో. నీ టీ నీళ్లు గిన్నెలో కాచుకో, పూర్వం కాచుకోలేదూ?"

వాడు బిక్కమొహం వేసుకుని గుండిగలు, గరిటెలు మాత్రం తీసుకున్నాడు. గరిటెల గోనెసంచి చిరిగి ఉంది. పాపం అనిపించింది. ఇంట్లో ఖాళీగా, శుభ్రంగా తుడిచి పెట్టిన సూట్‌కేసు ఒకటి కనబడితే ఇచ్చాను. గరిటెలు చక్కగా పట్టాయి. మళ్లీ ఎప్పుడు తేవాలక్కా అన్నాడు. తొందరేం లేదన్నాను.

ఆదివారం

మూడు రోజులూ అయ్యాయి. పిల్ల రేకుల్ని పట్టకారుతో తీసి, కడిగి, పళ్లెంలో ఆరబెట్టింది. బాయిలర్లోకి మంచినీళ్ల సీసాలు సర్దడానికి తేవాల్సినవేవో ఉన్నాయని గదిలోకి పోయింది. "నానమ్మా, చూస్తూ ఉండు. చూడటమే. చేతులు వెనక పెట్టుకో," అంది.

పెట్టుకున్నాను.

ఈగ వచ్చింది. ఈగ అనేది ఎక్కడెక్కడ వాలి వస్తుందో చెప్పక్కర్లేదు. ఒక రేకు చివర వాలింది. తోలాను. లేచింది. అది వాలిన చోట ఒక మచ్చ ఉన్నట్టు అనిపించింది. ఉందో లేదో. నా చీర చెంగుకి పొద్దున తోమిన పొడి కాస్త అంటుకుని ఉంది, అది ఎప్పుడూ ఉంటుంది.

గాలి ఊదాను. అంతే.

పిల్ల వచ్చేసరికి చేతులు వెనకే ఉన్నాయి.

సోమవారం

ఈ రోజు చెప్పడానికి ఏమీ లేదు. ఈగలు ఎక్కువగా ఉన్నాయి.

మంగళవారం

"నానమ్మా, సూట్‌కేసు చూశావా?"

"ఏ సూట్‌కేసు?"

"నాదే. ఆకుపచ్చది. మొన్న దించి పెట్టాను."

"ఎందుకు దించావు?"

"ఎందుకో ఒకందుకు."

"అయితే ఎక్కడో ఒకచోట ఉంటుంది."

టైపిస్టు మెట్ల మీద దగ్గాడు. నిజంగానే దగ్గు వచ్చిందట. రెండు అల్లం ముక్కలిచ్చి పైకి పంపాను.

పిల్ల మూడు గదులూ వెతికింది. మూడో గది లేదు, ఉన్న రెండింటినే మళ్లీ వెతికింది. తర్వాత నా పక్కన స్టూలు వేసుకుని గీతకి ఇవతల కూర్చుంది. బాయిలరు మూత సన్నగా చప్పుడు చేస్తోంది. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. వంట మేస్త్రి సంగతి చెబుదామనుకున్నాను, బాయిలరు వాడికి ఇవ్వలేదని. చెబితే గొప్ప చెప్పుకున్నట్టు ఉంటుంది. పైగా గరిటెలు దేంట్లో పోయాయని అడుగుతుంది.

"గీత లోపలికి జరిగిందేంటి?" అంది పిల్ల.

"భూమి తిరుగుతుందని మీరే చెబుతారుగా," అన్నాను.

నవ్వింది. పది రోజులకి నవ్వింది. టైపిస్టు తొమ్మిది అంటాడు. లెక్కలు నేను అడగలేదు.

బుధవారం

రేకులు బయటికొచ్చాయి. ఈసారి రంగుల్లేవు, బూడిదరంగు మసక, పాలు కలిపినట్టు. పిల్ల ఒక్కోటీ దీపం కింద తిప్పి తిప్పి చూసింది. ఒకదాని దగ్గర ఆగింది.

"ఇది ఈ చివర పలచగా పట్టింది. ఎందుకబ్బా?"

గోడ మీద బల్లి ఉంది. నేను దాన్ని చూస్తున్నాను.

గురువారం

ఈ రోజు జరిగింది చెప్పడానికి నాకు నోరు రావడం లేదు, కానీ చెబుతాను.

పిల్ల నా కళ్లముందు ఆ నాలుగు రేకుల మీదా నీలం సిరా పూసింది. పూసి, కడగకుండా, అలాగే తీసుకెళ్లి డాబా మీద ఎండలో పెట్టింది.

"ఇప్పుడేం చేస్తావు?"

"ఏమీ చేయను. ఎండ చేస్తుంది. ఎండ తగిలితే ఆ పొర దాని మీది మురికిని అదే తినేస్తుంది నానమ్మా. నీళ్లొద్దు, పీచొద్దు, పొడొద్దు."

"ఎవరూ తోమక్కర్లేదా?"

"ఎవరూ తోమక్కర్లేదు. రేపు గిన్నెల మీద కూడా ఇలాంటిది రావచ్చు."

నా బతుకంతా గుండిగల్లో మొహం పెట్టుకుని గడిచింది. ఇంట్లో మనవరాలు కూర్చుని, నా బాయిలర్లోనే, నేను అక్కర్లేని రేకు తయారుచేస్తోంది! భోజనం చేయలేదు. ఆకలి లేక. తర్వాత ఆకలేసింది, తిన్నాను. అది వేరే సంగతి.

పొద్దు వాలేదాకా డాబా మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉన్నాను. చేతులు వెనకే. సిరా మెల్లమెల్లగా వెలిసింది. ముదురు నీలం లేత నీలమై, లేత నీలం నీళ్ల రంగై, మూడు రేకులు కడిగినట్టు తేలాయి. ఎవరూ ముట్టుకోలేదు. నేను చూశాను కాబట్టి ఒప్పుకుంటున్నాను.

నాలుగో రేకు కూడా తేలింది. ఒక చివర తప్ప. అక్కడ నీలం అలాగే నిలిచిపోయింది. కోలగా, గుండ్రంగా, ఒక బొటనవేలంత.

పిల్ల దాన్ని చేతిలోకి తీసుకుంది. దాన్ని చూసింది. నన్ను చూసింది. అరిచి ఉంటే బాగుండేది. రేకుని గుడ్డలో చుట్టుకుని గదిలోకి పోయి తలుపేసుకుంది.

ఈగ. నేను చెప్పాను కదా ఈగ అని.

శుక్రవారం

పిల్ల పొద్దున్నే రేకులు తీసుకుని కమిటీకి పోయింది. పోతున్నానని చెప్పింది, అంతే. నాలుగో రేకు కూడా పట్టుకెళ్లింది. నేను దాన్ని ఇంట్లో వదిలేసి పొమ్మందామనుకున్నాను. ఆ మచ్చ చూసి అందరూ నవ్వరూ? అలా అంటే మచ్చ సంగతి నాకు తెలిసినట్టు అవుతుంది.

హాస్టలు గదులు ఇరుకట. టైపిస్టుని అడిగితే చెప్పాడు. కిటికీ కూడా ఒకటేనట. అక్కడ ఎవరైనా సీసాలు పెట్టనిస్తారా? దీపాలు ఆర్పేస్తారు, బాయిలరు ఉండదు. ఆ పిల్లకి తలదువ్వుకోవడానికే గుర్తు చేయాలి. అక్కడ ఎవరు గుర్తు చేస్తారు? ఇదంతా ఆమె మంచికోసం చెబుతున్నాను. నాకేం, ప్రశాంతం.

వంట మేస్త్రికి కబురు పెట్టాను. సూట్‌కేసు ఇప్పుడప్పుడే తేవద్దని.

శుక్రవారం, సాయంత్రం

వచ్చింది. చెప్పులు గుమ్మంలో విడిచి, సరాసరి వచ్చి నా ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. మొహం చూస్తే ఏమీ తెలియడం లేదు.

"ఏమైందే? చెప్పు. నిలబెట్టి చంపకు."

"కూర్చునే ఉన్నావు నానమ్మా."

"పిల్లా!"

అప్పుడు చెప్పింది. కమిటీలో ఒక పెద్దాయన, కళ్లద్దాలు ముక్కు చివర పెట్టుకునే రకం, వెలిసిన రేకులు చూసి పెదవి విరిచాడట. "సిరా ఎండకి ఎలాగూ వెలుస్తుంది కదమ్మా. ఇందులో నీ పొర చేసిందేముంది? పొర లేని రేకు పక్కన పెట్టి చూపించాలి. ఏదీ?" అన్నాడట. పొర లేని రేకు లేదు. ఉన్నవన్నీ సీసాల్లోకి పోయాయి, నేను మొదటిసారి తోమిన పుణ్యాన. అప్పుడు పిల్ల గుడ్డ విప్పి నాలుగో రేకు ముందు పెట్టిందట. అదే రేకు, అదే సిరా, అదే ఎండ. పొర ఉన్నంత మేర శుభ్రంగా ఉంది. పొర లేని చోట నీలం చెక్కుచెదరలేదు.

"అందరూ లేచొచ్చి చూశారు. ఆ పెద్దాయన కళ్లద్దాలు పైకి జరుపుకున్నాడు. ఇంత చిన్న చోట పొరని ఇంత నున్నగా ఎలా తీశావమ్మా, ఏ పరికరంతో తీశావు అని అడిగాడు."

"నువ్వేమన్నావు?"

"ఇంట్లో ఉంది సార్, పాతది, చాలా మొండిది అన్నాను."

కంట్లో ఏదో పడింది. ఈగే అయి ఉంటుంది.

"ముందుకెళ్లమన్నారు నానమ్మా."

"ముందుకంటే? ఎక్కడికి?"

పిల్ల వెంటనే చెప్పలేదు. లేచి, బీరువా మీదకి చూసింది. "సూట్‌కేసు ఏది?"

హాస్టలుకే అనుకున్నాను. అయినా నేను గిన్నెలమ్మని. తల ఎత్తి చెప్పాను: "గరిటెల దగ్గరుంది. వంట మేస్త్రికి ఇచ్చాను. వాడు బాయిలరడిగితే లేదన్నాను, నీ గడ్డి కోసం. ఇవ్వాళ తెస్తాడో లేదో నాకు తెలీదు. పోయేదానివైతే గోనెసంచిలో పెట్టుకుని పో, అదీ చిరిగింది."

పిల్ల నోరు తెరిచి నన్ను చూసింది. "వంట మేస్త్రి బాబాయికి లేదన్నావా? నువ్వా?"

"వినబడలేదా?"

"తెప్పించు నానమ్మా. కాలేజీలో నా సీసాలు, మందులు అన్నీ అందులో వేసుకుని ఇక్కడికి తెచ్చుకోవాలి. ఆ తొట్టి ఎప్పటికి బాగవుతుందో. నీ బాయిలరంత నిలకడగా వేడి నిలిపేది మా కాలేజీలో లేదు." ఆగి, "ఆ గీత మాత్రం నేనే గీస్తాను. పెయింటుతో," అంది.

నేను టైపిస్టుని కేకేశాను. ఇప్పుడే రాసి ముగించాలి, రేపటికి నా మాట చల్లారకూడదు.

రాయి. మొదటిసారి తోమినది మరకని. దానికి నా మీద నేరం లేదు. రెండోసారి నేను ఏ రేకునీ తాకలేదు. ఒక ఈగ వాలితే గాలి ఊదాను. సూట్‌కేసు దయతో ఇచ్చాను. గీత ఎప్పుడూ దాటలేదు, గీతే నాకు దారి ఇచ్చింది. ఇది నిజమని నా చేతి గుర్తు వేస్తున్నాను.

టైపిస్టు సిరా మూత తీశాడు. అదే నీలం సిరా. నేను ఎడమచెయ్యి చాపాను.

"తోమే చెయ్యి వేయి నానమ్మా," అంది పిల్ల.

కుడి బొటనవేలు వేశాను. పిల్ల గుడ్డ విప్పి, నాలుగో రేకుని ఆ ముద్ర పక్కన పెట్టింది. టైపిస్టు కళ్లద్దాలు పెట్టుకుని ఇటు చూశాడు, అటు చూశాడు. "అమ్మగారూ, నేను సాక్షి సంతకం చేయాలంటే..." అని నసిగాడు.

"నువ్వు సాక్షివి కాగితానికి. రేకుకి కాదు. పెట్టు."

కుడి బొటనవేలి ముద్ర: గిన్నెలమ్మ

సాక్షులు:

మేడ మీది టైపిస్టు. కాగితం మీద ముద్ర వేయడం మాత్రమే చూశాను.

మనవరాలు. రెండూ చూశాను. సరిపోయాయి.